నూట పదహారు చిలకల ముక్కులు

అనగనగా, ఊ కొట్టేవాళ్ళున్న చోటల్లా ఉండే ఒక రాజ్యం. ఆ రాజ్యంలో తేనేరు అని ఒక ఏరు. ఏటికి ఈ దరిన ఒక విద్యాలయం, ఆ దరిన పనివాళ్ళ ఊరు.

విద్యాలయానికి ఒక నియమం ఉండేది. ఆఖరి ఏడాది పిల్లలు పుస్తకాలు మూటగట్టి అటక మీద పెట్టి, ఏరు దాటి, నలభై రోజులు ఒక పనిచోట ఉండి రావాలి. వచ్చేటప్పుడు అక్కడి పెద్ద నోట ఒక్క మాట తేవాలి. "పనికొచ్చింది" అంటే చదువు పూర్తయినట్టు. "పనికిరాలేదు" అంటే మరో ఏడాది చిన్నపిల్లల పక్కన కూర్చోవాలి, వాళ్ళ ముక్కులు తుడుస్తూ.

ఆ ఏడు ఒకడు పడవల వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఒకతె గంటలు పోతపోసే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మేదిని అనే పదిహేనేళ్ళ పిల్ల బట్ట మీద బొమ్మల అద్దకం చేసే పోలవ్వ ఇంటికి వెళ్ళింది.

మేదినికి బొమ్మలంటే ప్రాణం. ఖాళీ గోడ కనిపిస్తే చేయి ఊరుకోదు. ఆచార్యులవారు కునుకు తీస్తుంటే ఆయన ఉత్తరీయం మీద నెమలిని గీసిన ఘనురాలు. చేతిలో విద్య ఉంది, ఒంట్లో కుదురే లేదు.

వెళ్ళీ వెళ్ళగానే అడిగింది, "అవ్వా, కలం ఏది?"

పోలవ్వ తలెత్తకుండానే అంది, "కలం నీ కోసం మూడు తరాలుగా కాచుకోనుంది పాపా. అదట్టుంచి, ముందు గుడ్డ సంగతి చూడు."

గుడ్డ సంగతంటే ఇదీ. కరక్కాయలు దంచాలి. ఆ పొడిని గేదెపాలలో కలపాలి. అందులో బట్టను ముంచి, పిండి, ఎండలో పరవాలి. అలా పాలు తాగిన బట్ట మీద రంగు పాకదు, పెట్టిన చోటే నిలుస్తుంది.

ఆ పాలిచ్చే గేదె పేరు మల్లి. కాకికంటే ఒక పిసరు నలుపు. నవ్వకండి, ఆమెకు కోపం. ఆ రోజుల్లో గేదెలు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, మనమే పాలు పిండుకుని చక్కా పోతున్నాం.

మల్లి నెమరు వేస్తూ అడిగింది, "ఏం పాపా, బొమ్మలు నేర్చుకోను వచ్చి రోకలి నేర్చుకుంటున్నావా?"

"నువ్వు పాల సంగతి చూసుకో మల్లీ."

"చూసుకుంటూనే ఉండా. నీ చేతులే కరక్కాయ రంగు తిరిగాయి. మీ ఇంట్లో గుర్తుపడతారో లేదో."

పదిరోజులు దంపుడుతో గడిచాయి. పదకొండో రోజు మేదిని మళ్ళీ అడిగింది, "ఇప్పుడైనా కలం ఇస్తావా అవ్వా?"

"ఇప్పుడు ఏరు ఇస్తా," అంది పోలవ్వ.

అంతే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బట్టలు జాడించడం. కొంగలు వచ్చి చూసి పోయేవి. మేదిని పాటలు కట్టి పాడేది. తడి బట్టను గాలిలో విసిరి తెరచాప ఆట ఆడేది. నిజం చెప్పాలంటే ఆమెకు అది బాగానే ఉంది. కానీ కలం మాత్రం రాలేదు.

ఇరవై అయిదో రోజున రాజుగారి మనిషి వచ్చాడు. రాణిగారికి ఆడపిల్ల పుట్టింది. వచ్చే పౌర్ణమినాడు ఉయ్యాలలో వేస్తారు. ఉయ్యాల మీద కట్టడానికి ఒక మేలుకట్టు కావాలి. దాని మీద నూట పదహారు చిలకలుండాలి. ప్రతి చిలకకూ ముక్కు దొండపండులా మెరవాలి.

పోలవ్వ అయిదురోజులు వంచిన నడుము ఎత్తకుండా, నల్లటి గీతతో చిలకలన్నిటినీ వేసింది. తర్వాత మేదినిని పిలిచి ఒక చిన్న ముంత చేతికిచ్చింది. దానితో పాటు కలం కూడా ఇచ్చింది.

మేదిని పొంగిపోయి ముంతలోకి తొంగి చూసింది. నీళ్ళున్నాయి.

"రంగేది అవ్వా?"

"అదే రంగు. పటికనీళ్ళు. ఇది తగిలిన చోటే ఎరుపు పడుతుంది, తగలని చోట పడదు. ముక్కుకు ఒక్కసారి పెట్టు. రెండోసారి పడిందో, ఎరుపు గడ్డకట్టి ముక్కు నల్లబడుతుంది. ఆరిందంటే ఎవరి కంటికీ ఆనదు, నా కంటికైనా సరే. కాగులో ఉడికినాకే బయటపడేది." పోలవ్వ దోసెడు చింతగింజలు ముందర పోసింది. "ఒక ముక్కుకు పెట్టంగానే దాని మీద ఒక గింజ పెట్టు. అన్నీ అయినాక తీసెయ్."

"చింతగింజలా? అచ్చనగాయలాట పిల్లలకు చెప్పినట్టు చెప్తావేం అవ్వా. నాకు గుర్తుంటుందిలే."

"గుర్తుండేదానికి నీకు వయసుంది. గింజకు బరువుంది. గింజే నయం," అని పోలవ్వ లోపలికి వెళ్ళింది.

మేదిని పని మొదలుపెట్టింది. మొదటి వరుసకు గింజలు పెట్టింది. రెండో వరుసకు విసుగొచ్చింది. మూడో వరుస దగ్గర గింజలను పక్కకు నెట్టేసింది. పెట్టింది పెట్టినట్టే మాయమవుతుంటే, నీళ్ళతో నీళ్ళ మీద రాస్తున్నట్టుంది. మధ్యలో మల్లితో కబుర్లు. మధ్యలో ఒక తూనీగ. పొద్దు వాలేసరికి "అయిపోయిందవ్వా" అని కేకేసింది.

తీరా ముంత కడగబోతే, అందులో అయిదోవంతు నీళ్ళు మిగిలి ఉన్నాయి.

పోలవ్వ సరిగ్గా నూట పదహారు ముక్కులకే కొలిచి పోస్తుంది. ఆ సంగతి ఆ ఇంట్లో కోళ్ళకు కూడా తెలుసు. మేదిని ముంతను వంచి మళ్ళీ చూసింది. "నేను పొదుపుగా పెట్టానేమో," అని తనకు తనే చెప్పుకుంది. నమ్మకం కుదరలేదు. గబగబా నీళ్ళు పారబోసి ముంత బోర్లించింది.

మర్నాడు పొద్దున పెరట్లో మాటలు వినపడ్డాయి. పోలవ్వ రాగి కాగు దగ్గర నిలబడి ఓబయ్యతాతతో అంటోంది. ఓబయ్య ముప్పై ఏళ్ళుగా ఆ కాగు కింద మంట చూస్తున్న ముసలాయన. చిరువేరు వేసి బట్టను ఉడికించి ఎరుపు తేల్చేది ఆయనే.

"ఓబయ్యా, పోయినేడు తామరపూలు రెండుచోట్ల ఎర్రబడలేదు. మంట చూడకుండా కునికావన్నాను, నువ్వు ఊరుకున్నావు. ఇది రాజుగారి మేలుకట్టు. ఈసారి కూడా ఎరుపు తప్పిందంటే కాగు ఇంకొకరికి అప్పజెప్తా. ఏమీ అనుకోవద్దు."

"అనుకునేదేముందక్కా," అన్నాడు ఓబయ్య. అని, మండుతున్న కట్టెనే మళ్ళీ సర్దాడు.

మేదిని తలుపు చాటునే ఆగిపోయింది. రేపు ముక్కులు తెల్లగా మిగిలితే మాట పడేది ఓబయ్య. నోరు విప్పితే మాట పడేది తను. నలభై రోజుల చివర "పనికిరాలేదు" అనే మాట మూటగట్టుకుని పోవాలి. ఏడాది పాటు చిన్నపిల్లల ముక్కులు తుడవాలి. చెప్పకపోతే, కాగు లేని ఓబయ్యను ఊహించుకోవాలి. ఆయన చేతులకు ఇంకో పనే తెలియదు.

ముందు వెళ్ళి మల్లికి చెప్పింది.

మల్లి చెవులు ఆడించి విని, "నాకు చెప్తే ఏం లాభం పాపా? నేనిచ్చేది పాలు, తీర్పు కాదు," అంది.

తర్వాత ఓబయ్య దగ్గరికి వెళ్ళింది. "తాతా, ఒకవేళ... ఎరుపు రాకపోతే?"

"ఎందుకు రాదు? చిరువేరు మంచిది, ఏటినీళ్ళు మంచివి, పటిక పెట్టింది నువ్వాయె, చదువుకున్న బిడ్డవు," అని బోసినోటితో నవ్వి, కుండలోని రేగివడియం ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రేగివడియాన్ని నోట్లో వేసుకుంది గానీ నమలలేదు. దాన్ని బుగ్గన పెట్టుకునే మేదిని పోలవ్వ ముందుకెళ్ళి నిలబడింది.

"అవ్వా, కొన్ని ముక్కులకు పటిక పెట్టలేదు."

పోలవ్వ కలం కింద పెట్టింది. "ఎన్నిటికి?"

"తెలియదు."

"ఏవేవి?"

"అదీ తెలియదు."

"మరి నీకు తెలిసిందేంది?"

"గింజలు పెట్టకుండా చేశాను. ముంతలో మిగిలిన నీళ్ళు పారబోశాను. తప్పు నాది అని తెలుసు. కాగుది కాదని తెలుసు."

ఆ చివరి మాట విని పోలవ్వ గోడకు జారగిలబడింది. ఒక పాత సంగతి మనసులో మెదిలింది. పోయినేడు కూడా విద్యాలయం నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు. తామరపూలకు పటిక పెట్టింది వాడే. "పనికొచ్చాడు" అనిపించుకుని చక్కగా ఏరు దాటి పోయాడు. ఓబయ్య మాత్రం నలుగురిలో తలవంచుకున్నాడు.

"లే," అంది పోలవ్వ చివరికి, కూర్చున్నది తనే అని మరిచిపోయి. "పటిక కంటికి కనపడదు. నాలుకకు తెలుస్తుంది."

బట్టను ఎండలో పరిచారు. మేదిని మోకాళ్ళ మీద కూర్చుని మొదటి ముక్కుకు నాలుక కొస ఆనించింది. కరక్కాయ వగరు, దాని వెనక పటిక పులుపు. ఉంది. రెండోదీ ఉంది. మూడోదానికల్లా నాలుక మొద్దుబారి, చెక్కముక్కలా అయిపోయింది.

"ఇంగ ఏవీ తెలియడం లేదవ్వా," అంది నత్తినత్తిగా.

ఓబయ్య ముందుకొచ్చాడు గానీ, "నా నాలుక ఎప్పుడో తాంబూలానికి రాసిచ్చేశా," అని వెనక్కి పోయాడు. పోలవ్వ తన వంతు చూసింది. నాలుగు ముక్కులకే మొహం ముడుచుకుపోయి, ఏడవబోయే పసిపాపలా తయారైంది. అంతటి పోలవ్వను అలా చూసి మేదినికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి ఓబయ్య నవ్వాడు. తప్పు చేసిన రోజున ఇంత నవ్వు ఉంటుందని మేదిని ఎప్పుడూ అనుకోలేదు.

అప్పుడు మల్లి కట్టుకొయ్య దగ్గర నుంచి దగ్గింది. "మనుషుల నాలుకలు మాటలకే అరిగిపోయినట్టున్నాయి. నేను రోజూ తాగేది పటిక వేసి తేర్చిన ఏటినీళ్ళే కదా. దాని రుచి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పైగా నా నాలుక మూరెడు. ఒకచోట మొద్దుబారితే ఇంకోచోట ఆనించుకుంటా."

"రాజుగారి బట్టకు గేదె ఎంగిలా?" అన్నాడు ఓబయ్య.

"ఆనక ఏట్లో ఉతుకుతాం, కాగులో ఉడికిస్తాం. అంతకుమించిన మడి అంతఃపురంలో కూడా ఉండదు," అంది పోలవ్వ. "విప్పు దాన్ని."

మల్లి పెళ్ళిపెద్దలా నడిచివచ్చింది. ఒక్కొక్క ముక్కుకూ నాలుక కొస తాకించింది. "ఉంది. ఉంది. ఇది ఉత్త కరక్కాయ. ఉంది." ఉత్తదన్న చోటల్లా మేదిని ఒక చింతగింజ పెట్టింది. ఈసారి ఒక్కటి కూడా మరవలేదు. లెక్క పెడితే ఇరవై మూడు తేలాయి.

ఆ ఇరవై మూడింటికీ మేదినే పటిక పెట్టింది. ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కదానికీ ఒక్కసారి. ఒక పగలు ఆరబెట్టి, ఏట్లో జాడించి, మూడోరోజు బట్టను కాగులో వేశారు. కాగు చుట్టూ ఊళ్ళో పనివాళ్ళంతా చేరారు. ఓబయ్య కర్రతో కలియబెట్టాడు. గంట గడిచింది. కర్రతో బట్ట అంచు పైకెత్తాడు.

ఒక ఎర్ర ముక్కు. పక్కన ఇంకొకటి. ఆవిరిలోంచి వరుసగా చిలకలన్నీ దొండపళ్ళు కరుచుకున్నట్టు బయటికొచ్చాయి. మేదిని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. నూట పదహారు.

పోలవ్వ అందరూ వినేలా అంది, "ఓబయ్యా, పోయినేడు తామరలు తెల్లబోయింది నీ మంట వల్ల కాదు. పటిక పడకపోవడం వల్ల. విచారించకుండా నిన్ను అన్నాను. తప్పు నాది."

ఓబయ్య కాగులోకే చూస్తూ, "సర్లే అక్కా, కొంచెం పక్కకు జరుగు. పొగ కళ్ళలోకి కొడతావుంది," అన్నాడు. పొగ మాత్రం గాలికి అవతలి వైపు పోతోంది.

తర్వాత చిలకలకు పచ్చ వేశారు. పౌర్ణమికి మేలుకట్టు ఉయ్యాల మీదికి చేరింది. ఆ మర్నాటికి నలభై రోజులు నిండాయి. పోలవ్వ మేదిని వెంట తనే ఏరు దాటి విద్యాలయానికి వచ్చింది.

ఆచార్యులవారు అడిగారు, "ఏమమ్మా, మా పిల్ల బొమ్మలు నేర్చిందా?"

"ఒక్క గీత కూడా గీయనివ్వలేదు సామీ."

"పోనీ, ఉతకడం?"

"కొంగలకు పాటలు నేర్పింది. మురికి చాలావరకు గుడ్డకే వదిలేసింది."

"పటిక పెట్టడం?"

"ఇరవై మూడు ముక్కులు మరిచింది."

మేదిని నేల చూపులు చూసింది. ఆచార్యులవారు గొంతు సవరించుకుని, "అయితే పనికిరాలేదని రాయమంటారా?" అన్నారు.

"ఆగండి సామీ. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఎరుపు చెడితే నిప్పునే తిట్టాం. పటిక పెట్టిన చేయి నాదని చెప్పడానికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఈ పిల్ల వచ్చింది." పోలవ్వ చేయి మేదిని తల మీద పడింది. "పనికొచ్చింది. గీతలు నేను నేర్పుకుంటాలే. ఇది మాత్రం నేను నేర్పగలిగేది కాదు."

మేదిని చదువు పూర్తయింది. మర్నాడే మూట సర్దుకుని, ఎవరూ పంపకుండానే ఏరు దాటింది. ఆమెను దూరం నుంచే చూసి, మల్లి "వచ్చిందమ్మా రోకలి" అని ఊరంతా చాటింది.

పిల్లలూ, కంటికి కనపడని పనిని కనపడే పనికన్నా శ్రద్ధగా చేయాలి. చేతి తప్పును, అది పక్కవాడి నెత్తిన పడకముందే, మన నోటితో మనమే ఒప్పుకోవాలి.