అందిందన్న మాట

తను రాసిన ప్రోగ్రాము నోరు ఎట్లా మూయించాలో అడగడానికి పరిమళ ఆ పొద్దున ఉస్తాద్ ఇంటికి పోయింది.

ఉస్తాద్ అంటే హుసేన్ పీరా సాయబు. ఆదోని టెలిఫోను ఎక్స్చేంజిలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మేడ మీద గదిలో నలుగురైదుగురికి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకుంటాయో నేర్పుతాడు. ఆయన చెప్పేది తక్కువ, చేయించేది ఎక్కువ. చేరినవాళ్లలో సగంమంది వారం తిరక్కుండానే ఆ మెట్లు దిగిపోతారు. పరిమళ రెండేళ్లు నిలిచింది. నిలిచానన్న సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, ఎదుటివాళ్లను మరిచిపోనివ్వలేదు కూడా.

ఆమె చేసే పని మాత్రం ఆటలాంటిది కాదు. మొగుడి దెబ్బలు తాళలేక ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్ల కోసం ఆ ఊళ్లో దానమ్మ అనే ఆమె ఒక ఇల్లు నడుపుతోంది. గాయాలు మానేదాకా ఉంచుకుని, తర్వాత ఎవరూ వెతకని ఊరు చూసి ఏదో ఒక పనిలో పెట్టి పంపిస్తుంది. ఎవరు ఏ ఊళ్లో, ఏ వీధిలో ఉన్నారన్న జాబితా రోజూ పొద్దున కర్నూలులోని పెద్దాఫీసు కంప్యూటరుకు చేరాలి. దాన్ని పంపే ప్రోగ్రాము పరిమళ రాసింది. పంపడం అయిపోగానే తెర మీద 'అందింది' అని ఒక్క మాట వస్తుంది. ఎనిమిది నెలలుగా ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

ఆ పొద్దున తప్పింది. 'అందింది' రావలసిన చోట నాలుగు వరుసల హెచ్చరిక వచ్చింది. తనే కర్నూలు కంప్యూటరునంటూ అవతల పలుకుతున్నది ఇన్నాళ్లూ పలికినది కాదట. దాని వేలిముద్ర మారిందట. మధ్యలో ఎవరైనా దూరి ఉండవచ్చట. అందుకని జాబితా ఇవ్వదట.

ప్రతి కంప్యూటరుకూ అట్లాంటి ముద్ర ఒకటి ఉంటుంది, నలభై మూడు అక్షరాల గొలుసు. పేరుదేముంది, ఎవరైనా పెట్టుకుంటారు. ఆ ముద్ర మాత్రం ఇంకొకరు తెచ్చుకోలేరు.

పరిమళ పోయేసరికి ఉస్తాద్ కిటికీ దగ్గర కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. ఆమె జరిగింది చెప్పింది. కర్నూలువాళ్లు కొత్త మిషన్ కొంటామని ఎప్పటినుంచో అంటున్నారని, కొనేసి ఉంటారని, ముద్ర చూడకుండా వదిలేయమని ఒక్క వరుస రాస్తే సరిపోతుందని, ఆ వరుస ఎక్కడ రాస్తే శుభ్రంగా ఉంటుందో చెప్పమని అడిగింది.

"కొత్త మిషన్ పెట్టినామని వాళ్లు చెప్పినారా?"

ఫోను చేశానని, ఎత్తలేదని అంది. ఎన్నిసార్లు చేసిందో ఆయన అడగలేదు. ఒక్కసారే చేసింది.

ఉస్తాద్ సూది పక్కన పెట్టి లేచాడు. నోటుబుక్కులోంచి తెల్లకాగితం చింపి, అరిగిపోయిన పెన్సిలు ముక్కతో కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

"కర్నూలు పో అమ్మా. ఆ మిషన్ ముందర కూర్చొని, దాని ముద్ర దాని తెర మీదనే కండ్లతో చూసి రాసుకొని రా."

మళ్లీ కూర్చుని చెప్పు కుట్టుకోసాగాడు. ఇంక ఆ పూటకు ఆయన నోట మాట రాదని పరిమళకు తెలుసు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. మూడు గంటలు పోను, మూడు గంటలు రాను, ఎందుకు? నలభై మూడు అక్షరాలు చూసి రావడానికి! ఈ ముసలాయన ఇంకా ట్రంక్‌కాల్ బుక్ చేసుకునే కాలంలోనే ఉండిపోయాడనుకుంది. అనుకోవడమేమిటి, దారిలో తనలో తను నవ్వుకుంది కూడా.

ఆమె ఉస్తాద్ ఇంటినుంచి నేరుగా తిరిగి వచ్చేసరికి దానమ్మ ఇంటి గడప ముందు ఒకాయన ఎండలో నిలబడి ఉన్నాడు. లోపలున్న ఒకామెకు అన్నట. చేతిలో ఆధార్ కార్డు ఉంది, ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫోటో ఉంది. అయినా దానమ్మ తలుపు గడియ తీయలేదు.

ఆ ఇంటి కట్టుబాటు అది. చేరిన మొదటి రోజే ప్రతి ఆడమనిషీ దానమ్మ చెవిలో ఒక గుర్తు చెబుతుంది. తన వాళ్లు ఎవరైనా రావచ్చనుకుంటే ఆ గుర్తు వాళ్లకు ఆమే చెప్పుకోవాలి. బయటికి పోయినాక ఆమె పేరు మీద కబురొచ్చినా, చివరికి ఆమే వచ్చి ఎదుట నిలబడి మాట్లాడినా, ఆ గుర్తు పలికితేనే అది ఆమె మాట. పలకలేదంటే ఆమె నోటితో ఇంకెవరో మాట్లాడిస్తున్నారని లెక్క.

"నేను ఆమె అన్ననే తల్లీ, ఒట్టు," అని బతిమాలుతున్నాడతను.

"అన్నవే అయ్యుంటావు నాయనా," అంది దానమ్మ. గడియ మాత్రం తీయలేదు.

అయ్యో పాపం, ఎండలో ఎంతసేపని నిలబెడుతుంది, ఈమెకు జాలి లేదనుకుంటూ పరిమళ పక్క గుమ్మంలోంచి లోపలికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. వీధి తలుపుకూ ఆమె కుర్చీకీ నాలుగడుగుల దూరం. అక్కడ కూర్చునే ఆ ఒక్క వరుసా రాసింది. ఎవరైనా సరే, ముద్ర అడగకు, ఇచ్చెయ్యి.

'అందింది' అని వచ్చింది. హమ్మయ్య అనుకుని టీ తాగడానికి లేచింది.

ఆ రోజుతో కలిపి పన్నెండు రోజులూ 'అందింది', 'అందింది' అనే వచ్చింది.

పదమూడో రోజున కర్నూలు నుంచి ఫోను. వాళ్లు జాబితాలను పదిహేను రోజులకొకసారి సరిచూసుకుంటారు. పన్నెండు రోజులుగా మీ జాబితా రావడం లేదేమని అడిగారు. రోజూ అందుతోంది కదా అంది పరిమళ. ఏమీ అందలేదన్నారు. కొత్త మిషన్ పెట్టారు కదా అని అడిగింది. ఎక్కడిదమ్మా, అదే పాతది, ఇంకా కొననేలేదన్నారు. ఫోను చెవి దగ్గర ఉండగానే పరిమళ గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

ఆ ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే కేబులు ఆఫీసులో పనిచేసే ఒకడు, కర్నూలు పోవలసిన దారిని తన కంప్యూటరు వైపు మళ్లించుకున్నాడని తర్వాత తేలింది. వాడు ఉరుకుందమ్మ మొగుడికి మేనమామ కొడుకు.

ఉరుకుందమ్మ నాలుగు నెలలు ఆ ఇంట్లోనే ఉండి పోయింది. పరిమళ పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ ఆ తెర వైపు చూసేది. నా పేరు గూడా ఈ పెట్టెలో ఉంటుందా పాపా, ఎవరికీ కనపడదు కదా అని ఒకసారి కాదు, పదిసార్లు అడిగింది. కర్నూలువాళ్లకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ కనపడదని పరిమళ పదిసార్లూ చెప్పింది. ఆ మాట నమ్మి గుంతకల్లు పోయి, బట్టలు కుట్టే షాపులో చేరి బతుకుతూ వచ్చింది. కర్నూలు ఫోను రావడానికి రెండు రోజుల ముందే మొగుడు ఆ షాపు మెట్ల మీదనుంచి ఆమెను తీసుకుపోయాడు.

దానమ్మ, పరిమళ, వెంట ఒక కానిస్టేబులు ఆ పల్లెకు పోయారు. ఉరుకుందమ్మ గుమ్మంలోకి వచ్చింది. కొత్త చీర కట్టి ఉంది, చేతినిండా గాజులున్నాయి, పై పెదవి వాచి ఉంది. వెనకాల చీకట్లో మొగుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా ఇష్టంతోనే వచ్చినా, మళ్లా ఎవరూ రాకండి అని అప్పజెప్పిన పాఠంలాగా ఒక్క గుక్కలో అనేసింది.

చూసినారు కదా, ఆమే చెప్తా ఉంది అన్నాడు కానిస్టేబులు.

దానమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నువ్వు చిన్నప్పుడు సాకిన మేకపిల్ల పేరేందమ్మా?"

అది ఆమె గుర్తు. ఉరుకుందమ్మ దానమ్మను చూసింది, తర్వాత పరిమళను చూసింది. కోపంగా చూసినా బాగుండేది, కోపం లేదు.

"నాకు యాదికి లేదు," అని లోపలికి పోయింది.

దానమ్మకు అర్థమైంది, పరిమళకూ అర్థమైంది. మేకపిల్ల పేరు చెప్పలేదని కానిస్టేబులుకు చెబితే ఆయన ఏం రాసుకుంటాడు? మేజరైన మనిషి, ఇష్టంతో వచ్చానంది, ఇంక తామేమీ చేయలేమన్నాడు. జీపులో వస్తున్నంతసేపూ దానమ్మ ఒక్క మాట అనలేదు. తిట్టినా, కొట్టినా పరిమళ పడేదే. ఆ మౌనాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయింది.

ఆ మరునాడు ఆమె ఉస్తాద్ ఇంటికి పోయి, తన ల్యాప్‌టాప్ కంప్యూటరు ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. అంతా చెప్పింది. కర్నూలు పోలేదని కూడా చెప్పింది. దొంగకు పన్నెండు రోజులు నా చేతులతో నేనే తాళాలు అందించానని, ఇంక జన్మలో దీన్ని ముట్టనని, ముట్టే అర్హత లేదని ఏడ్చింది.

ఉస్తాద్ ఆమెను ఊరుకోమనలేదు. నీ తప్పేముందిలే అని కూడా అనలేదు. టోపీ పెట్టుకుని, చేతికర్ర తీసుకుని, తను కుట్టుకున్న ఆ చెప్పులే తొడుక్కుని మెట్లు దిగాడు. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా వీధి చివర మసీదు దాటి పోని మనిషి. పరిమళ కంప్యూటరు తీసుకుని వెనకాలే పరుగెత్తింది. ఆయన బస్టాండుకు పోయి కర్నూలు బస్సెక్కాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని ఆమెకు అడగాలనే ఉంది. ఎమ్మిగనూరు దాటేదాకా ఓర్చుకుని అడిగేసింది.

"ఇప్పుడెందుకు ఉస్తాద్?"

"ఆ జాబితాలో ఇంకా పదకొండు మంది ఉన్నారు కదమ్మా."

బస్సు పత్తిచేల మధ్యకు వచ్చినాక ఆమె మళ్లీ అడిగింది. "మరి ఉరుకుందమ్మ?"

ఆయన చేతికర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. "ఆమెకు చెప్పేందుకు నా దగ్గర గూడా ఏం లేదమ్మా," అన్నాడు.

కర్నూలు ఆఫీసులో ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. ఆ మిషన్ ఏదో చూపమన్నాడు. దాని తెర మీదనే దాని ముద్ర తెప్పించాడు. రాసుకొమ్మన్నట్టు పరిమళ వైపు చూశాడు. ఆమె సంచిలో చెయ్యి పెడితే ఆనాడు ఆయన ఇచ్చిన కాగితమే తగిలింది, మడత కూడా విప్పలేదు. పెన్సిలు ముక్క దాని మడతలోనే ఉంది.

ఉస్తాద్ కళ్లద్దాలు తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అక్షరం చదివాడు. పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా ప్రతిదానికీ చెప్పాడు. ఆమె రాసింది. తర్వాత ఆమె చదివింది, ఆయన తెర చూశాడు. మళ్లీ ఆయన చదివాడు. మూడుసార్లు అట్లా నలభై మూడు అక్షరాలూ సరిచూసేదాకా ఆయన కుర్చీలో కూర్చోలేదు. మొత్తం పావుగంట పట్టింది. పావుగంటే!

సాయంత్రానికి ఇద్దరూ దానమ్మ ఇంటికి చేరారు. ఆ గొడవ తెలిసిన నాటినుంచి జాబితా పంపడం ఆపేసి, మిగిలినవాళ్లను వేరే ఊళ్లకు మార్చారు. కేబులు ఆఫీసు యజమాని మావాడు అట్లాంటివాడు కాదని దబాయిస్తున్నాడు, పోలీసులు విచారిస్తున్నామంటున్నారు. ఆ ఇంటి తీగ ఈనాటికీ ఆ ఆఫీసు చేతిలోనే ఉంది.

పరిమళ తన కుర్చీలో కూర్చుని, ఆ ఒక్క వరుసా చెరిపేసింది. దాని చోట కాగితం చూసుకుంటూ నలభై మూడు అక్షరాలూ కొట్టింది. ఈ ముద్ర ఉంటేనే ఇవ్వు, లేకుంటే ఎవరడిగినా ఇవ్వకు. రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ మొదటినుంచి కొట్టింది. చుట్టూ ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాళ్ల ముఖాల వైపు చూసే ధైర్యం ఆమెకు లేదు. అసలు జాబితా చోట పేర్లేమీ లేని ఖాళీ జాబితా ఒకటి పెట్టి, పంపమని ప్రోగ్రాముకు చెప్పింది.

తెర మీద ఆ నాలుగు వరుసలే మళ్లీ వచ్చాయి. అవతల పలుకుతున్నది కర్నూలు కంప్యూటరు కాదు. ముద్ర కలవలేదు. మధ్యలో ఎవరైనా దూరి ఉండవచ్చు. ఇవ్వను.

వాడు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడన్నమాట. దానమ్మ వంగి చూసి, పనిచేయలేదా సాయబూ అని అడిగింది.

"పనిచేసింది," అన్నాడు ఉస్తాద్.

దానమ్మ ఆ నాలుగు వరుసలూ కూడబలుక్కుంటూ చదువుకుంది. చదివి, మొదటినుంచి మళ్లీ ఒకసారి చదివింది. అప్పుడు పరిమళ భుజం మీద చెయ్యి వేసింది. ఆ పల్లెకు పోయి వచ్చినాక ఆమె పరిమళతో మాట్లాడడం అదే మొదలు.

"ఆ పొద్దు గూడా ఇది ఇట్లనే చెప్పిందా పాపా?"

పరిమళ కాగితాన్ని మడతలు పెట్టింది, మళ్లీ విప్పింది.

"చెప్పిందక్కా."