పట్టుశాలువాకు పట్టుబడ్డ పేరుభట్టు

రండి, రండి. వెనక నిలబడ్డ అన్నలూ, ముందుకొచ్చి చాప మీద కూర్చోండి. అమ్మా, పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకో, వాడికీ వినబడాలి. గోపాలస్వామికి హారతి అయింది, చక్కెరపొంగలి ఇంకా పొయ్యి మీదే ఉంది. అది దిగేలోపు ఒక కథ చెబుతాను.

తంగేటికోటను భీమభూపాలుడు ఏలే రోజుల్లో ఆయనకో మంచి బుద్ధి పుట్టింది.

"మన భటులు మనిషిని పట్టుకొచ్చి కొట్లో వేస్తున్నారు. ఎందుకో చెప్పరు. అడగబోతే, పున్నమి సభ దాకా నోరెత్తకూడదంటారు. ఇదేం న్యాయం?" అని నేరవిచారణ పద్ధతి మొత్తం తిరగరాయించాడు.

రాయించి ఊరుకోలేదు. న్యాయపాఠాలు చెప్పే గురువులందరూ కోట మండపంలో కూర్చుని కొత్త పద్ధతి నేర్చుకోవాలన్నాడు. వాళ్ళకు పాఠం చెప్పడానికి సూరాంబ అనే పండితురాలిని పెట్టాడు. అందరూ వచ్చారు, ఒక్క పేరుభట్టు తప్ప.

పేరుభట్టంటే ఆస్థానంలో పెద్ద గురువు. న్యాయాధికారి మొదలు కావలి భటుడి దాకా ఆయన శిష్యులే. ఆ సూరాంబా ఆయన దగ్గరే చదువుకుంది.

"నేను ఓనమాలు దిద్దించిన పిల్ల నాకు పాఠం చెబుతుందా? నాకు రాని న్యాయం ఇంకా పుట్టలేదు!" అని పేరుభట్టు అరుగు మీద కూర్చుని పాత పాఠమే చెబుతున్నాడు.

అలా ఉండగా కుమ్మరి చెన్నమ్మ పరుగున సభకు వచ్చింది.

"దొరా, మా ఎల్లన్నను సంతలో పట్టుకుపోయారు. ఎందుకయ్యా అంటే ఒక్కడూ చెప్పడు. అక్కడ పచ్చికుండలు కాల్చే ఆవం పేర్చి ఉంది, పైన మబ్బు కమ్ముతోంది. వాన పడితే కుండలన్నీ మళ్ళీ మట్టే. మా ఇంటి ఏడాది తిండి దొరా అది!"

రాజు న్యాయాధికారి వైపు చూశాడు. అతను చేతులు కట్టుకున్నాడు.

"పున్నమి దాకా నిందితుడు నోరెత్తరాదని మా గురువుగారి పాఠం, ప్రభూ. ఆయన మార్చి చెబితే ఇప్పుడే వదిలేస్తాను."

"నేను చెబుతున్నాను కదయ్యా!"

"తీర్పు చెప్పేవాడి పనిలో రాజు వేలు పెట్టరాదని కొత్త పద్ధతిలో తమరే రాయించారట కదా. ఆ ఒక్క ముక్కా మా గురువుగారు చెప్పారు."

రాజు పళ్ళు కొరుక్కున్నాడు. "గురువును దండించలేను. ఆయన నోటితోనే కొత్త పాఠం పలికించాలి, అదీ వాన పడేలోపు. ఎవరికైనా చేతనవుతుందా?"

కాటన లేచాడు. సభలో అందరినీ నవ్వించేవాడు ఆయనే. "నాకొక పట్టుశాలువా, నలుగురు భటులు కావాలి ప్రభూ."

"శాలువా ఎందుకు?"

"పట్టడానికి!"

రాజుకు బోధపడలేదు గానీ, ఇప్పించాడు.

కాసేపటికి నలుగురు భటులు పేరుభట్టు అరుగెక్కి ఆయన రెక్కలు పట్టుకున్నారు.

"ఏమిట్రా ఇది? నన్నెందుకు పట్టుకుంటున్నారు?"

"తమరు అడగకూడదు, మేము చెప్పకూడదు. తమరి పాఠమే కదా గురువుగారూ!" అని వినయంగా దణ్ణం పెట్టి మరీ లాక్కుపోయి కొట్లో వేశారు.

మూల నుంచి ఎల్లన్న జరిగి చోటిచ్చాడు. "కూర్చోండి స్వామీ. పున్నమికి చెబుతారట."

"పున్నమా! మొన్ననే కదయ్యా వెళ్ళింది!"

"అదే మరి నా బాధ!"

బయట ఉరిమింది. ఊచల దగ్గరికి కాటన వచ్చాడు, వెనకే న్యాయాధికారీ.

"కాటనా, నాయనా! నా నేరమేమిటో చెప్పించు!"

"అయ్యో, పాత పద్ధతిలో కుదరదే."

"కొత్త పద్ధతి ఉంది కదయ్యా!"

"ఉందా? మీ శిష్యులెవరికీ తెలియదే! ఏముందేమిటి అందులో?"

"ఏదో... కారణం చెప్పాలని..."

"ఎక్కడ చెప్పాలి? ఎప్పుడు? చెప్పకపోతే ఏమవుతుంది?"

మళ్ళీ ఉరిమింది. ఎల్లన్న పైకప్పు వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖం చూశాక పేరుభట్టు గొంతు తగ్గింది.

"సూరాంబను పిలిపించు. నేర్చుకుంటాను."

సూరాంబ వచ్చి, ఊచల్లోంచి చెయ్యి చాచి గురువుగారి పాదాలంటి, పాఠం చెప్పింది. ఆయన గొంతెత్తి వల్లించాడు.

"పట్టుకున్న చోటే, పట్టుకున్న క్షణమే, కారణం చెప్పాలి. చెప్పకపోతే వదిలేయాలి! విన్నారట్రా?"

"విన్నాం గురువుగారూ! తీయండిరా తలుపు!" అన్నాడు న్యాయాధికారి.

ఎల్లన్న బయటికొస్తూ అడిగాడు. "ఇప్పుడైనా చెప్పండయ్యా, నన్నెందుకు పట్టారు?"

భటుడు తల గోక్కున్నాడు. "కోట గోడకు ఎవడో కన్నం వేశాడు. వాడి చేతులకు మట్టి ఉంటుంది కదాని..."

"కుమ్మరి చేతులకు మట్టి కాక మల్లెపూలుంటాయా!" అంది అప్పుడే పరుగెత్తుకొచ్చిన చెన్నమ్మ. అక్కడున్నవాళ్ళందరూ పకపకా నవ్వారు. ఆ నలుగురు భటులనే తాటాకులు మోసి ఆవం కప్పమని తరిమాడు న్యాయాధికారి. వాళ్ళ చేతులకూ మోచేతుల దాకా మట్టే. పట్టేవాళ్ళు లేరు గానీ!

వాన మొదలయ్యేసరికి ఆవం భద్రం. సభలో పేరుభట్టు మాత్రం కాటన మీద నిప్పులు కక్కుతున్నాడు.

"సరే, మరి నన్నెందుకు పట్టించావు?"

కాటన శాలువా విప్పాడు.

"పట్టుకే పట్టించాను గురువుగారూ! ఈ పట్టు మీకు కప్పడానికే. కారణం చెప్పే పాఠం భటులకు మీరు ముందే నేర్పి ఉంటే, వాళ్ళు ఈ మాట చెప్పేవారు, మీరు నవ్వుకుంటూ నడిచి వచ్చేవారు!"

రాజు సింహాసనం మీద పొట్ట పట్టుకున్నాడు. పేరుభట్టు ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత అందరికంటే పెద్దగా నవ్వాడు. ఆ శాలువా తీసుకెళ్ళి సూరాంబ భుజాలకు కప్పి, మండపంలో ముందు వరసలో చతికిలబడ్డాడు. రాజు తన ముత్యాల హారం తీసి కాటన మెడలో వేశాడు.

కృష్ణస్వామంతటి వాడే శిశుపాలుడి తప్పులు సభలో వినిపించి గానీ చక్రం వదల్లేదు. మనమెంత చెప్పండి! ఈ కథలో ఒక్క పని గుర్తుంచుకోండి. రేపు మీ ఇంట్లో ఎవరి చెవి మెలిపెట్టబోయినా, ముందు ఎందుకో చెప్పండి. చెప్పలేకపోతే వదిలేయండి. ఏదీ, మా చక్కెరపొంగలి వచ్చిందా తల్లీ?