దానిమ్మ లోపల గోడలు

ఒకప్పుడు దానిమ్మకాయ లోపల గోడల్లేవు, గదుల్లేవు. అంతా ఒకటే సావిడి. పైన తొక్క ఉల్లిపొరంత పలచన. గోటితో గీరి బోర్లిస్తే చాలు, ఎర్రగింజలన్నీ జలజలా గిన్నెలోకి దూకేసేవి. గిన్నెలో పడ్డాకా ఊరుకునేవి కాదు. "జరుగు జరుగు, ముందు పడింది నేను!" అని ఒకదాన్నొకటి తోసుకునేవి.

ఆ రోజుల్లో వాగు ఒడ్డున ఒక ఊరుండేది. పండగొస్తే ఊరంతటికీ ఒకేచోట భోజనాలు. వంట సింగారమ్మది. దానిమ్మ చెట్టు ఆవిడ పెరట్లోదే. ఎన్ని పిండివంటలు చేసినా జనం ముందు అడిగేది సింగారమ్మ కలిపే దానిమ్మ పెరుగుపచ్చడినే. అదేమంత బ్రహ్మవిద్య కాదు. గట్టి పెరుగు చిలకాలి. అందులో దానిమ్మ గింజలు, అరటిపండు ముక్కలు, పచ్చిమిర్చి తరుగు, వేయించి నలిపిన జీలకర్ర, ఉప్పు. కలిపితే అయిపోయినట్టే.

ఒక పండగ మర్నాడు దానిమ్మ చెట్టు కొమ్మ వంచి అడిగింది.

"అక్కా, నిన్న నా పచ్చడి ఎలా ఉంది?"

"నాకేం తెలుసు?" అంది సింగారమ్మ అంట్లు తోముతూ.

"అదేంటి? చేసింది నువ్వేగా!"

"చేసేటప్పుడు రుచి చూడకూడదు. ముందు దేవుడికి పెట్టాలి. తర్వాత మొదటి బంతిలో మగవాళ్ళు కూర్చుంటారు. ఆ తర్వాత చుట్టాలు, ఆ తర్వాత పిల్లలు. వండినవాళ్ళం ఆఖరి బంతి. అప్పటికి గిన్నెలో గరిటె మిగులుతుంది."

"ఎప్పుడూ ఇంతేనా?"

"నేను కోడలిగా వచ్చినప్పట్నుంచీ ఇంతే. పైగా గంగయ్య మావయ్య మళ్ళీ మళ్ళీ వేయించుకుని, మూతి తుడుచుకుని, 'ఉప్పు తక్కువైందే అమ్మాయ్' అంటాడు. నిజంగా తక్కువైందో, ఊరికే అంటున్నాడో నాకెలా తెలుస్తుంది? నా నాలుక మీద పడితేగా!"

దానిమ్మకి ఒళ్ళు మండింది. కొమ్మలన్నీ ఊగిపోయాయి.

"ఎందుకే అంత ఆవేశం?" అంది పక్కనున్న పనసచెట్టు. "నన్ను చూడు. ఒళ్ళంతా జిగురు పెట్టుకున్నా. చేతికి నూనె రాసుకోకుండా నన్నెవడైనా ముట్టుకోమను!"

"జిగురైతే అక్క చేతికీ అంటుకుంటుంది," అంది దానిమ్మ. "నేను ఎవరికీ దొరక్కుండా పోవడం కాదు పనసా, అందరికీ దొరకాలి. ఆఖరి బంతిదాకా."

అని, వేళ్ళు కదిపి నేలతల్లిని లేపింది.

"అమ్మా, నా తొక్క మందం చేసి, లోపల గోడలు కట్టు."

"కడతా. ముందు బాగా ఆలోచించుకో పిల్లా," అంది నేల. "గోడలుంటే వలవడానికి పొద్దుపోతుంది. ఈ కాయ ఎవడు వలుస్తాడని జనం నిన్ను పక్కన పెట్టేస్తారు. ఇప్పుడు పండగ రాగానే నీ పేరే తలుస్తున్నారు. ఆ ముద్దు పోతుంది మరి."

దానిమ్మ కొమ్మల నిండా వేలాడుతున్న తన కాయల్ని ఓసారి చూసుకుంది. ముద్దంటే దానికీ ఇష్టమే.

"పోతే పోనీ," అంది చివరికి. "వండిన మనిషికే తెలియని రుచి ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

మళ్ళీ పండగ వచ్చింది. సింగారమ్మ కాయ గీరబోతే గోరు దిగలేదు. కత్తితో కోసింది. లోపల గదులు! గింజలు కిక్కురుమనకుండా గోడల్ని పట్టుకుని కూర్చున్నాయి. సింగారమ్మ చెట్టువైపు చూసింది. చెట్టు ఏమీ ఎరగనట్టు ఆకాశంవైపు చూసింది.

సింగారమ్మ ఓపిగ్గా కొన్ని గింజలు వలిచి కలిపి దేవుడికి పెట్టింది. ఇంకొన్ని వలిచి మొదటి బంతికి వడ్డించింది.

"అమ్మాయ్, పచ్చడి ఇంకాస్త వెయ్యి!" అన్నాడు గంగయ్య.

"వలిచినంతా అయిపోయింది మావయ్యా. ఇంకా కావాలంటే ఇదిగో కాయ. మీరూ ఓ చెయ్యి వెయ్యండి."

"నేనా? వలవడమా? పండగపూటా?"

"పండగ మాకూ వచ్చింది మావయ్యా."

బంతిలో ఎవరో కిసుక్కుమన్నారు. గంగయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. కాయ లాక్కుని పళ్ళతో ఒక్క కొరుకు కొరికాడు. నోట్లో పడింది గోడ. చేదు! మొహం కాల్చిన వంకాయలా ముడుచుకుపోయింది. రసం చిమ్మి తెల్లపంచె మీద ఎర్రగా పాకింది. "ఛీ ఛీ, నాకొద్దీ కాయ!" అని మజ్జిగ పోయించుకుని లేచిపోయాడు.

చుట్టాలు కూడా వడ్డించినంతే తిన్నారు. మారు అడగాలంటే వలవాలాయె. పిల్లలు మాత్రం కాయల చుట్టూ మూగి, గోడలు ఊడదీసి, వాళ్ళ వాటా వాళ్ళే వలుచుకున్నారు.

ఆఖరి బంతి వేళకి విప్పని గదులు ఇంకా మిగిలే ఉన్నాయి.

సింగారమ్మ వాటిని వలిచి, పెరుగులో కలిపి, తోటి ఆడవాళ్ళందరికీ వడ్డించి, తనూ ఆకు ముందు కూర్చుంది. పచ్చడి నోట్లో పెట్టుకుంది. గింజలు టప్‌మని పగిలాయి.

చెట్టు ఇక ఆగలేకపోయింది. "అక్కా, ఎలా ఉంది?"

సింగారమ్మ నమిలింది. కళ్ళు మూసుకుని ఇంకాస్త నమిలింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

బంతిలో ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. సింగారమ్మ చిటికెడు ఉప్పు వేసి కలిపి, గిన్నె తనవైపుకి జరుపుకుంది.

అప్పటినుంచే దానిమ్మకాయకి మందపు తొక్క, లోపల గదులు, గదికీ గదికీ నడుమ చేదు గోడ. తొందరపడి కొరికినవాడి బట్టమీద మరక ఈనాటికీ ఓ పట్టాన పోదు. ఓపిగ్గా వలిచేవాళ్ళకి మాత్రం, అంతా అయిపోయిందనుకున్నాక కూడా, ఏదో ఒక మూల ఇంకో గది మిగిలే ఉంటుంది.