తెర వెనక గొంతు

"స్వామీ, పని అదే, చేతులూ అవే. విడివిడిగా వచ్చినప్పుడు ఒక కూలికి ఒప్పుకున్నవాళ్లు ఇప్పుడు సంఘం కట్టి ఎక్కువ అడుగుతున్నారు. కలిసినంత మాత్రాన పని విలువ పెరుగుతుందా?"

అడిగినవాడు మిల్లు యజమాని పరంధామయ్య. మర్నాడే అతని కూలీలు మాట్లాడడానికి వస్తున్నారు. గురువు నిర్వాణయ్యగారు వాదించే మనిషి కాదు. ఒక కథ చెప్పారు.

సముద్రపు ఒడ్డున గుల్లసున్నం కాల్చే బట్టీ ఒకటి ఉండేది. దాని యజమాని సన్యాసిరాజు ఏటా పని మొదలయ్యే ముందు ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి కూలి మాట్లాడేవాడు. అతని కుర్చీ వెనక ఒక తెర. ఒక ఏడు నూకాలు అనే కూలిమనిషి వెళ్లి తనకెంత కావాలో చెప్పగానే, "నాను తక్కువకే వస్తాను బాబూ" అని తెర వెనక నుంచి వినిపించింది. అది ఆమె చెల్లెలు గైరమ్మ గొంతు. నూకాలు అతను ఇస్తానన్నదానికి తలూపి వచ్చేసింది. మళ్లీ చెల్లెలి గడప తొక్కలేదు. ఆ పేటలో ఇంటికీ ఇంటికీ అలాగే మాటలు ఆగిపోయాయి.

ఒక మధ్యాహ్నం తడిపిన సున్నం చిమ్మి గైరమ్మ చేతులు బొబ్బలెక్కాయి. నూకాలు ఉండబట్టలేక పరుగెత్తి, నీళ్లు కుమ్మరించి కడిగింది. కడుగుతూనే, "నా నోటికాడ కూడు ఎందుకు తీసీసినావే?" అని ఏడ్చింది.

గైరమ్మ తెల్లబోయింది. "నానా? తెర ఎనకాతల నీ గొంతే ఇన్నానప్పా!"

మండుటెండలో ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. పక్కన ఉన్న ఎర్రయ్య పార కింద పెట్టేశాడు. అతను విన్నది తన తండ్రి గొంతు. ఆ తండ్రి పోయి చాలా ఏళ్లయింది.

పని ఆపి అందరూ కలిసి గదిలోకి వెళ్లారు. "ఒక్కొక్కరే రండి" అన్నాడు సన్యాసిరాజు. ఎవరూ కదల్లేదు. "అందరిదీ ఒకటే మాట బాబూ" అంది నూకాలు. అతను తెర వైపు తిరిగి, "చెప్పు" అన్నాడు. తెర పలకలేదు. మళ్లీ అన్నాడు. చివరికి లేచి దాన్ని లాగేశాడు.

వెనక ఉన్నది గోడ. తలుపు లేదు, కిటికీ లేదు.

"ఇన్నేళ్లూ ఎవరో ఉన్నారనే అనుకున్నాను" అని గొణిగి కుర్చీలో కూలబడ్డాడు. ఆ తరవాతే అసలు బేరం మొదలైంది. వాళ్లు అడిగినంతా రాలేదు, అతను ఇస్తానన్నదీ నిలవలేదు. దీపాలు పెట్టే వేళకి నడుమ ఒక మాట కుదిరింది.

పరంధామయ్య ముందుకు వంగాడు. "మరి ఆ గొంతు ఎవరిది స్వామీ?"

గురువుగారు లేచి కండువా దులుపుకున్నారు.

"రేపు నీ వాళ్లు వచ్చే వేళకి తలుపు రెండు రెక్కలూ తెరిచి ఉంచు నాయనా" అన్నారు.