గుబురయ్య దిద్దుడు చదువు

మరీ ఎప్పుడో కాదు పిల్లలూ, పెద్ద గాలివాన వచ్చిన ఏడు, తొలకరిలో, ఒక అడవిలో జరిగిన కథ ఇది.

ఆ అడవిలో గుబురయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు. ముసలితనంలో అతనికి అక్షరాల మీద మోజు పుట్టింది. నేనూ ఆ వయసులోనే రాత్రిబడికి పోయాను కాబట్టి అతని అవస్థ నాకు తెలుసు. మొండితనంలో మాత్రం అతను నాకు తమ్ముడే.

వాగుకి ఈ ఒడ్డున కొంగ పంతులు బడి. పంతులు ఇసుకలో అక్షరం రాస్తాడు. అందరూ దాని మీదే దిద్దాలి. గీత దాటకూడదు. నోరు మెదపకూడదు.

"పంతులుగారూ, నాకు ‘తేనె’ అని రాయాలనుందండీ," అన్నాడు గుబురయ్య ఒకరోజు.

"నేను రాసింది దిద్దు. నీ ఇష్టం ఎవరడిగారు?" అని పంతులు ముక్కుతో నెత్తిన ఒక్కటి పొడిచాడు.

గుబురయ్య మళ్ళీ అడగలేదు.

అవతలి ఒడ్డున కోతుల బడి. అక్కడ ఎవరికి కావలసిన మాట వాళ్ళే రాసుకుంటారు. ఆ బడిలో చదివే దుప్పి చుక్కమ్మ ఒకనాడు వచ్చింది.

"మామా, మా బడికి రా. నేను మొదట ‘గడ్డి’ అని రాశాను. తప్పు రాస్తే అందరం నవ్వుకుని సరిచేసుకుంటాం."

"నవ్వే బడి కూడా ఒక బడేనా? నా దిద్దుడు చూడు, వెంట్రుకవాసి తేడా ఉండదు. అయినా నాది మట్టిబుర్ర. దానికి పొడిస్తేనే ఎక్కుతుంది," అన్నాడు గుబురయ్య. వెళ్ళలేదు.

ఆ సాయంత్రం దారి మధ్యలో అతనికి వేటగాళ్ళు తవ్విన గొయ్యి కనబడింది. పైన ఆకులు కప్పి ఉన్నాయి. పక్కనున్న తడిమట్టిలో ‘గొయ్యి’ అని రాస్తే చాలు, వచ్చేవాళ్ళు చదివి తప్పుకుంటారు. ఆ అక్షరాలన్నీ అతను దిద్దినవే. గోరు ఎత్తాడు. మట్టి ఖాళీగా ఉంది. దేని మీద దిద్దాలి?

"ఓరి గుబురయ్యా! ఇంత చదువూ చదివి, గీత లేకపోతే గోరే కదలదేంరా!" అని తనని తానే తిట్టుకున్నాడు. తిట్టుకుని, పంతుల్ని పిలుచుకు రావడానికి పరిగెత్తాడు. పంతులు ముందు రాస్తే, దాని మీద తను చక్కగా దిద్దవచ్చు కదా!

పంతులుతో తిరిగొచ్చేసరికి గొయ్యిలోంచి చుక్కమ్మ మూలుగు వినబడింది.

"ఒక్క అక్షరం ఉన్నా ఆగేదాన్ని మామా. వంకరగా ఉన్నా చదివేదాన్ని."

"అందంగా రాయిద్దామని వెళ్ళానే తల్లీ," అన్నాడు గుబురయ్య. ఆ మాట అతనికే సిగ్గుగా తోచింది.

మూలుగు విని చుట్టుపక్కల జంతువులూ వచ్చాయి. అందరూ కలిసి ఆమెను తీగలతో పైకి లాగారు. చుక్కమ్మ ముందుకాలు విరిగింది. ఆమె మళ్ళీ పరుగెత్తలేదు.

నీతి: తప్పు రాయడానికి భయపడే బడిలో, అక్షరాలు వచ్చినా రాయడం రాదు.