చెరువు ఎరగని మందు

ఈ కథ చెప్పడంలో ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పోతే చదివేవారు సర్దుకోవాలి. పేర్లు తప్పితే మా మేనకోడలు భార్గవి దిద్దుతుంది.

రొయ్యల చెరువుల నడుమ ఓ ఊళ్ళో చలమయ్య మాస్టారు నీళ్ళూ రొయ్యలూ పరీక్షించే చిన్న ల్యాబు నడిపేవారు. ఎవరేమడిగినా కూర్చోబెట్టి చెప్పే అలవాటు ఆయనకి లేదు. లేచి చెప్పులు తొడుక్కునేవారు.

ఆయన దగ్గర పని నేర్చుకునే ధనకుమారి ఒకనాడు తల్లి పుండు రిపోర్టు పట్టుకొచ్చింది. తల్లి మంగాయమ్మ షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. రొయ్య ముల్లు దిగిన చూపుడువేలు వాచి నల్లబడుతోంది. మందులేవీ పనిచేయలేదు. ఒక్కటే మిగిలింది. అదీ పనిచేయకపోతే వేలు తీసెయ్యాలన్నాడు డాక్టరు.

"మా అమ్మ పుట్టి బుద్ధెరిగి ఈ మందులు మింగలేదు మాస్టారూ. పుండులో క్రిమికి వీటిని తట్టుకోవడం ఎవరు నేర్పారు?"

"పద," అన్నారాయన.

షెడ్డులో పొడుగాటి బల్లకి అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి ఒలుస్తున్నారు. "ఆయ్, మాస్టారు పనిలోకొచ్చారు, జాగా ఇవ్వండే!" అని ఒకావిడ నవ్వింది. ధనకుమారికి నవ్వు రాలేదు.

ఒరిస్సా నుంచి వచ్చిన సబిత, ముల్లు దిగకుండా వేలికి సైకిలు ట్యూబు ముక్క తొడుక్కుంది.

"ఇది మీ అమ్మ నేర్పిందా?" అన్నారు మాస్టారు.

"మా అమ్మ రొయ్యనే చూడలేదు. పక్కనామె ఇచ్చింది."

పక్కనామెది పలాస. ఆమెకి ఎదుటావిడ కత్తిరించి ఇచ్చిందట. ఆవిడది కాకినాడ. ఒకరికొకరు ఏమీ కారు.

"తొడుగు లేనివాళ్ళు వేళ్ళు నొప్పెట్టి మానేశారండి. ఉన్నవాళ్ళమే మిగిలాం," అంది సబిత. "మంగాయమ్మక్కకి ఇస్తే విసిరికొట్టింది, మొండిఘటం! ఎలా ఉంది పాపా?"

"వాపు తగ్గలేదక్కా," అంది ధనకుమారి.

తిరిగివస్తూ మాస్టారు అన్నారు: "క్రిములూ అంతే. మందు పడితే తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకునేవి మిగులుతాయి. మందుని తట్టుకునే జన్యువులున్న చిన్న చుట్టని పక్కదానికి అందిస్తాయి. కులగోత్రాలు అడగవు. చెరువులో క్రిమి పుండులో క్రిమికి ఇవ్వగలదు."

"చెరువులో క్రిమికి మందుతో పనేముంది?" అనబోయి ఆమె గట్టుమీద ఆగిపోయింది. రొయ్యలకి జబ్బు రాకముందే జాగ్రత్తపడి, కౌలుకి తీసుకున్న చెరువులో మేతకి మందు కలిపి చల్లే అన్నయ్యకి పొట్లాలు తెచ్చిచ్చేది తనే. పాతవి పనిచేయడం లేదు, కొత్తది తెమ్మని పొద్దున్నే చీటీ రాసిచ్చాడు. తీసి చూసింది. అమ్మకి మిగిలిన ఆ ఒక్క మందే.

చీటీ మాస్టారికి అందించింది. ఆయన చదివి, మడిచి, మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టారు.

"ఈ మందుని మీ చెరువు ఇంకా ఎరగదమ్మా."