బుర్రా వారి తల్లిదోశ

తెలివి అనేది బుర్రా వారింట్లో పుట్టి, బయటికి పోవడం ఇష్టంలేక అక్కడే ఉండిపోయిందని గవరయ్యకి గట్టి నమ్మకం. ఆధారం లేకపోలేదు. వానకి పాడైపోతుందని కొత్త గొడుగుని చొక్కాలో దాచుకుని, తాను తడిసి ముద్దయి ఇంటికొచ్చిన మహానుభావుడికి పుట్టినవాడాయన. "ఆస్తి ఇవ్వకపోతేనేం, బుర్ర ఇచ్చి పోయాడు" అని హోటల్ గోడమీది తండ్రి ఫోటోకి రోజూ దణ్ణం పెట్టేవాడు. తాతగారు ఫోటో తీయించుకోకుండానే పోయారు. అయినా మర్యాద తప్పకూడదని ఆయన పేరున పక్కనే ఒక ఖాళీ మేకు కొట్టించారు.

టిఫిన్ హోటల్ ముగ్గురన్నదమ్ములదీ. గవరయ్య గల్లాపెట్టె దగ్గర, సింహాద్రి పెనం దగ్గర, పేర్రాజు వడ్డన. వాళ్ళ అల్లం చట్నీ తిన్న లారీ డ్రైవర్లు కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వేయించుకునేవారు. అసలు అల్లం చట్నీలో బెల్లం ఎప్పుడు వెయ్యాలన్నదాని మీద ఆ ఊళ్ళో రెండు కుటుంబాలు మాటలు మానుకున్నాయి. సరే, ఆ సంగతిలోకి వెళితే మన కథ చల్లారిపోతుంది. బస్టాండు ఊరవతలికి మారిపోయింది, హోటల్‌కి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఇంజనీరింగ్ కాలేజీ కాంటీన్ దొరికితే సరి, లేకపోతే ఆ పొయ్యి ఆరిపోతుంది. గవరయ్యకి రాత్రీ పగలూ ఇదే బెంగ.

ప్రిన్సిపాల్ జోగేశ్వరరావుగారు మంచివాడే. "చూడండి గవరయ్యగారూ, మాది కంప్యూటర్ల కాలేజీ. ఫోన్లో ఆర్డరిస్తే టిఫిన్ రావాలి. మా పిల్లలు నేర్చుకునే జావాస్క్రిప్ట్ భాష మీదే కాంటీన్ నడవాలి. శనివారం మీ హోటల్‌కే వచ్చి తిని చూస్తాం" అన్నాడు.

కాంటీన్ జావాస్క్రిప్ట్ మీద నడవాలన్నాడా, లేదా? అన్నాడు. ఇంకేముంది! గవరయ్య కండువా వేసుకుని కంప్యూటర్ పాఠాలు చెప్పే సుహాసిని దగ్గరికి వెళ్ళాడు.

"బాబాయిగారూ, మీకు తెలిసిన వస్తువుతోనే చెబుతాను" అంది ఆ అమ్మాయి. "దోశ అని ఒక ఆబ్జెక్టు రాసుకున్నాం. గుండ్రంగా ఉంటుంది, పెనం మీద కాలుతుంది, పక్కన చట్నీ ఉంటుంది. ఇప్పుడు మసాలా దోశ కావాలి. ఇవన్నీ మళ్ళీ రాస్తామా?"

"రాస్తే చెయ్యి నొప్పెడుతుంది."

"కదా! అందుకని మసాలా దోశలో కూర ఒక్కటే రాస్తాం. దోశని దానికి ప్రోటోటైప్‌గా పెడతాం. పైన ఉండే తల్లి అనుకోండి. చట్నీ ఉందా అని మసాలా దోశని అడిగితే, ముందు తన దగ్గర చూసుకుంటుంది. లేకపోతే తల్లిని అడుగుతుంది. అక్కడా లేకపోతే తల్లికి తల్లిని. అలా పైకి పోయి పోయి, ఆ పైన ఇంకెవరూ లేనిచోట ఆగిపోతుంది. దాన్నే నల్ అంటాం."

"మరి తల్లిలో ఏదైనా మారిస్తే?"

"తనకంటూ సొంతంగా పెట్టుకోని పిల్లలందరికీ మారిపోతుంది."

"ఇంతేనా! ఇది మా ఇంట్లో ఎప్పుడూ జరిగేదే" అన్నాడు గవరయ్య.

మొదటిరోజే పాఠం అర్థమైన శిష్యుణ్ణి సుహాసిని అంతకుముందు చూడలేదు. సంతోషించి టీ తెప్పించింది.

శనివారం తెల్లవారగానే సింహాద్రి ఒకే ఒక్క దోశ పోశాడు. దానికి దబ్బనంతో కన్నం చేసి, పురికొస ఎక్కించి, హోటల్ నడిమధ్య ఫ్యాను కొక్కేనికి వేలాడదీశారు.

"ఫ్యాన్ వెయ్యకండర్రా, తల్లికి కళ్ళు తిరుగుతాయి" అని హెచ్చరించాడు గవరయ్య.

ప్రిన్సిపాల్‌గారు ఇద్దరు లెక్చరర్లని వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురికీ మసాలా దోశలు చెప్పాడు. పేర్రాజు మూడు పళ్ళేలు తెచ్చి పెట్టాడు. పళ్ళేనికో బంగాళాదుంప కూర ముద్ద. అంతే.

"దోశ ఏదయ్యా?"

"పైన ఉందండి."

ముగ్గురూ తలలెత్తి చూశారు. దోశ మెల్లిగా తిరుగుతోంది.

"మళ్ళీ మళ్ళీ ఎందుకండీ, ఒక్కసారే పోశాం. అందరికీ అదే" అన్నాడు పేర్రాజు గర్వంగా.

కంప్యూటర్ లెక్చరర్‌కి పొలమారింది. "సార్, వీళ్ళు... ప్రోటోటైపు..." అంటూ దగ్గుతున్నాడు. ప్రిన్సిపాల్‌గారు కంగారుపడి, "మంచినీళ్ళు, మంచినీళ్ళు!" అని కేకేశాడు.

పేర్రాజు జేబులు తడుముకున్నాడు. నీళ్ళు లేవు. "చిన్నన్నయ్యా, నీ దగ్గర నీళ్ళున్నాయా?" అన్నాడు. సింహాద్రి బొడ్లో చూసుకున్నాడు. లేవు. "పెద్దన్నయ్యా, నీ దగ్గర?" గవరయ్య గల్లాపెట్టె తెరిచి చూశాడు. లేవు. అంతే, లేచి నిలబడి తండ్రి ఫోటోకేసి తిరిగాడు. "నాన్నా, నీళ్ళున్నాయా?" ఆయన పలకలేదు. ఆ పైన తాతగారు. ముగ్గురూ ఖాళీ మేకుకేసి కాసేపు చూశారు.

"లేవండి. మేకు దాకా వెళ్ళి వచ్చాం" అన్నాడు గవరయ్య.

నీళ్ళ బిందె పేర్రాజు మోచేతికి తగులుతూనే ఉంది. కానీ అది పేర్రాజు దగ్గర ఉన్నట్టు కాదుగదా, బల్ల మీద ఉన్నట్టు! లెక్చరరే లేచి ముంచుకు తాగాడు.

అక్కడితో లేచిపోవలసిందే. కానీ జోగేశ్వరరావుగారిది జాలిగుండె. "పోనీ ఇడ్లీ పెట్టండయ్యా" అన్నాడు. లెక్చరర్లలో ఒకాయన "నాకు కాస్త కారంగా" అన్నాడు. రెండో ఆయన "నాకు పంచదారతో" అన్నాడు. "ఇడ్లీలయ్యాక నాకొక కాఫీ" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఒరేయ్ సింహాద్రీ, ఒక్కొక్కళ్ళకీ విడిగా చేస్తావా ఏంటి! తల్లిలో మార్చు" అని అరిచాడు గవరయ్య.

తల్లి అంటే ఏది? దోశకీ ఇడ్లీకీ కూడా తల్లి పిండే అని సింహాద్రి అప్పటికప్పుడు కనిపెట్టాడు. ఆ ఇంటి తెలివి అలాంటిది మరి. పిండి గుండిగలో డబ్బాడు కారం గుమ్మరించాడు. దానిమీద పంచదార గుమ్మరించాడు. దానిమీద కాఫీపొడి గుమ్మరించి గరిటె పెట్టి తిప్పాడు. ఇంకేముంది! ఇటుక రంగులో ఇడ్లీలు దిగాయి. ప్రిన్సిపాల్‌గారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక, ఉమ్మడానికి మర్యాద అడ్డొచ్చి, అలాగే కూర్చున్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

"కాఫీ తగిలిందాండీ?" అని ఆప్యాయంగా అడిగాడు పేర్రాజు.

సరిగ్గా అప్పుడే పైన దోశ ఎండి, కన్నం దగ్గర చిరిగి, దబ్బుమని ప్రిన్సిపాల్‌గారి నెత్తిన పడింది.

"అన్నయ్యా! తల్లి పోయింది!" అన్నాడు సింహాద్రి.

అంతే. పేర్రాజు ముగ్గురి ముందునుంచీ పళ్ళేలు లాక్కున్నాడు. "తల్లే లేనప్పుడు పిల్లలకేం మిగుల్తాయండీ! లేవండి, లేవండి" అని ఆకలిమీదున్న పెద్దమనుషుల్ని వీధిలోకి సాగనంపాడు.

సోమవారం నాడు కాంటీన్ ఫణీంద్రకిచ్చారు. ఫణీంద్ర అంటే పక్కవీధిలో కాఫీ హోటల్ నడిపే ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు, పెళ్ళి కావలసినవాడు. గవరయ్య రెండుపూటలు అన్నం ముట్టలేదు. మూడోపూట ముట్టి, చెయ్యి కడుక్కుని సుహాసిని దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మాయ్, ఒక వస్తువు తయారైపోయాక, దానికి పైవాణ్ణి మార్చుకోవచ్చా?"

"ప్రోటోటైప్‌నా? మార్చుకోవచ్చు బాబాయిగారూ. కానీ మార్చకండి, ఆ తర్వాత పని నెమ్మదిగా సాగుతుంది."

"నెమ్మదిగా సాగినా ఫర్వాలేదమ్మా, సాగితే చాలు" అని గవరయ్య పరుగున ఇంటికొచ్చాడు. "ఒరేయ్ తమ్ముళ్ళూ! మన దగ్గర కాంటీన్ లేదు. నాన్న దగ్గరా లేదు. ఫణీంద్ర దగ్గరుంది. అతన్ని మన పైన పెట్టుకుంటే అడగ్గానే మనకీ ఉన్నట్టే!"

ఆ తెలివికి తమ్ముళ్ళిద్దరికీ కళ్ళు చెమర్చాయి.

అన్నదమ్ములు స్నానాలు చేసి, ఉతికిన పంచెలు కట్టి, పిల్లాజెల్లానీ ఆటో ఎక్కించుకుని ఫణీంద్ర ఇంటికి వెళ్ళారు. ఆ పూట అతనికి సంబంధం మాట్లాడడానికి పిల్లవైపువాళ్ళు వచ్చి ఉన్నారు. కాబోయే మామగారు జీడిపప్పు పకోడీ చేతిలో పట్టుకుని, "అబ్బాయికి బాదరబందీలేం లేవన్నారు, అందుకే వచ్చాం" అంటున్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ గవరయ్య తిన్నగా లోపలికి వెళ్ళి, ఫణీంద్ర కాళ్ళమీద సాష్టాంగపడ్డాడు.

"నాన్నా! ఇకనుంచీ మాకు నువ్వే దిక్కు."

వెనకనే సింహాద్రి పడ్డాడు, "నాన్నా!" అంటూ. ఆ వెనక పేర్రాజు.

మామగారి చేతిలోంచి పకోడీ జారిపోయింది. "వీళ్ళెవరు బాబూ?" అన్నాడు నీరసంగా.

"నాకేమీ కారండీ! ఒట్టు!" అన్నాడు ఫణీంద్ర.

"నిన్నటిదాకా ఏమీ కాములెండి, ఇవాళే మార్చుకున్నాం" అన్నాడు గవరయ్య లేచి పంచె దులుపుకుంటూ. "నాన్నా, కాంటీన్ తాళంచెవులు ఎక్కడున్నాయి?"

"ఎంతమందయ్యా మీరు?" అన్నాడు మామగారు, చెప్పులు వెతుక్కుంటూ.

"పెద్దవాళ్ళం ముగ్గురమేనండీ, కంగారుపడకండి" అని పేర్రాజు ఆయన్ని కూర్చోబెట్టి, గుమ్మంలోకి వెళ్ళి ఆటోకేసి చెయ్యూపాడు.

అంతే. ఏడుగురు పిల్లలూ బిలబిలా లోపలికొచ్చి, ఫణీంద్ర చుట్టూ చేరి, ఒక్క గొంతుతో "తాతయ్యా!" అన్నారు.